పాత పికప్ బానెట్ కింద: దాచాలా, సర్దాలా, తగ్గించాలా?

పాత పికప్‌ను తయారు చేయించుకున్న మనిషిని బయటి రంగు గురించి ఎవరూ రెండో ప్రశ్న అడగరు, బానెట్ ఎత్తమని మాత్రం తప్పకుండా అడుగుతారు. ఎత్తాక కనిపించేది చాలాసార్లు ఒకటే దృశ్యం: తళతళలాడే వాల్వ్ కవర్, దాని చుట్టూ నాలుగైదు తరాల మెకానిక్‌లు లాగి వదిలేసిన వైర్లు, టేపు ఊడి జిగురు కారుతున్న అతుకులు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియని హోస్ పైపులు. దీన్ని శుభ్రం చేయించడానికి మూడు దారులున్నాయి. ఉన్నవాటిని కంటికి కనబడకుండా దాచడం ఒకటి, ఉన్నచోటనే వరుసలో సర్దడం రెండోది, అక్కర్లేనివాటిని తీసేసి వస్తువుల సంఖ్యనే తగ్గించడం మూడోది. ఫొటోల్లో బాగుంటుంది కనుక ఎక్కువమంది మొదటి దారి పడతారు. నేను మాత్రం ముందు తగ్గించమనీ, తరువాత సర్దమనీ, మిగిలిన కాస్తను విప్పి చూసుకునే వీలున్నంత మేరకే దాచమనీ చెబుతాను. ఏ పద్ధతిని తూచినా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: రాత్రి పదింటికి హైదరాబాద్ ఉప్పల్ రింగు రోడ్డు పక్కన బండి ఆగితే, ముక్కూ మొహం తెలియని మెకానిక్ ఒక టార్చి లైటు, రెండు పానాలతో తప్పు ఎక్కడుందో పట్టుకోగలడా?

నా దగ్గర ఉన్నది 1952 నాటి షెవర్లే 3100 పికప్. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకూ బొంబాయిలోని శివ్డీలో బళ్లు బిగించి అమ్మింది కనుక, ఆ కాలపు షెవర్లేలు మన దేశంలో అక్కడక్కడ ఇంకా మిగిలాయి. ఈ బండి ఇంజన్ 216 ఘనపు అంగుళాలది, అంటే సుమారు మూడున్నర లీటర్లు. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండటం వల్ల పొడుగ్గా, సన్నగా ఉంటుంది, రెండు పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీ మిగులుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, అంటే సిలిండర్లలోకి గాలీ పెట్రోలూ తెచ్చే గొట్టం, పొగ బయటికి తీసుకుపోయే గొట్టం, రెండూ ఒకే పక్కన ఉంటాయి, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ రెండో పక్కన ఉంటుంది. బ్యాటరీనీ బ్రేకు మాస్టర్ సిలిండర్‌నూ కంపెనీవాళ్లే క్యాబిన్ నేల కింద పెట్టారు. అంటే కంపెనీ నుంచి వచ్చిన రోజున ఈ బానెట్ కింద చిందరవందర అనేదే లేదు. ఇప్పుడు కనిపించేదంతా తరువాత మనం పేర్చినదే. అందుకే ఏదైనా కొనే ముందు, మీ బండి నమూనా మొదట ఎలా ఉండేదో పాత సర్వీసు పుస్తకంలోని బొమ్మల్లో చూసుకోవాలి. విల్లీస్ సీజే-3బీ జీపులైతే కథ వేరు. వాటి ఎఫ్-హెడ్ ఇంజన్ (ఇన్‌టేక్ వాల్వులు పైన, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన ఉండే రకం) ఎత్తు వల్లే బానెట్‌ను అంత పైకి లేపవలసి వచ్చింది, కాబట్టి అక్కడ పైన చోటు వెతుక్కోవడం దండగ.

పని మొదలుపెట్టే ముందు కాగితాల మాట ఒకటి చెప్పాలి. పాత ఇంజన్ తీసి కొత్త డీజిల్ ఇంజన్ పెడితే చోటు కలిసివస్తుందని సలహా ఇచ్చేవాళ్లు ఆటోనగర్‌లో అడుగడుగునా దొరుకుతారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజన్ మార్పిడికి రవాణా శాఖ అనుమతి కావాలి. ఇక 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకూ, ఎం1 తరగతికి, అంటే మనుషులు ప్రయాణించే నాలుగు చక్రాల బళ్లకూ మాత్రమే వర్తిస్తాయి, అదీ ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా ఉంటేనే. సరుకు బండిగా నమోదైన పికప్ ఆ నిర్వచనంలోకి రాదు. నేను పాత ఇంజన్‌నే ఉంచుకున్నాను, అందుకు చింతించడం లేదు.

తగ్గించడంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఆరు వోల్టుల నుంచి పన్నెండు వోల్టులకు మారడం. 1954 వరకూ వచ్చిన షెవర్లే పికప్‌లు ఆరు వోల్టులవి. అదే పనికి పన్నెండు వోల్టుల దగ్గర సగం కరెంటు చాలు కనుక వైర్లు సన్నబడతాయి. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే పాత రకం డైనమోకు బదులు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లోపలే ఉన్న కొత్త రకం ఆల్టర్నేటర్ పెడితే ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు గోడ) మీది రెగ్యులేటర్ డబ్బా, దానికి వచ్చే వైర్ల కట్ట రెండూ ఒకేసారి పోతాయి. మరోపక్క, డైనమో కంటికి ఇంపైనది, ఆ కాలానికి తగినది, బండిని ఆదివారాలు మాత్రమే తీసేవారికి అది చాలు. అయితే అంబాసిడర్ తరం బళ్లలో వాడిన లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లే. రెండు హెడ్‌లైట్లు సుమారు పది ఆంపియర్లు తింటాయి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి పెడితే అది మరో పదిహేను, ఇరవై లాగుతుంది. లెక్క మీరే చూసుకోవచ్చు. బండిని ట్రాఫిక్‌లో తిప్పేవారికి ఆల్టర్నేటర్ తప్ప వేరే సలహా ఇవ్వలేను. మారేటప్పుడు బల్బులు, ఇగ్నిషన్ కాయిల్ మార్చాలి, మీటర్లకు వోల్టేజీ తగ్గించే ముక్క పెట్టాలి.

వైరింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బానెట్ కింద శుభ్రతలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. మొదటి ఎంపిక, పాత కట్టను మరమ్మతు చేయడమా, కొత్తది కట్టించడమా అన్నది. గుడ్డ తొడుగున్న పాత వైరును రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. తొడుగు పొడిగా రాలితే మరమ్మతు మాట మరిచిపోవచ్చు. కొత్తది కట్టించేటప్పుడు మీటర్ల కొద్దీ వైరు కొనడానికి ముందు నేను చేసిన పని ఒకటుంది. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే పురికొస ఒక ఉండ తెచ్చి, ప్రతి వైరూ పోవలసిన దారిన ఒక్కో పోగు లాగి, మలుపుల దగ్గర ముడులు వేసి, కొసలకు చీటీలు కట్టాను. రెండు రోజులు దాన్ని అలాగే వదిలి, వచ్చి పోతూ చూస్తుంటే ఏది ఎగ్జాస్ట్‌కు దగ్గరైందో, ఏది చక్రానికి తగులుతుందో, ఏ రెండు పోగులు ఒకే దారిన పోవచ్చో తేలిపోయింది. తరువాత ఆ పురికొస గూడును ఊడదీసి, ప్లైవుడ్ పలక మీద పరిచి, మేకులు కొట్టి, ఆ మేకుల వెంట అసలు వైర్లు పరిచాము. ఇందులో తెలిసిన పెద్ద సంగతి ఏమిటంటే, ఈ ఇంజన్‌కు ఒక పక్క నిప్పు, ఇంకో పక్క కరెంటు అని కంపెనీవాళ్లే చాలావరకూ విభజించి పెట్టారు. వైర్లను వీలైనంతవరకూ డిస్ట్రిబ్యూటర్ పక్కనే ఉంచి, ఎగ్జాస్ట్ పక్కకు తప్పనిసరైనవి తప్ప పోనివ్వకపోతే సగం సర్దుడు దానంతటదే అయిపోతుంది.

కట్టకు పైన ఏం చుట్టాలి అన్నది తరువాతి ప్రశ్న. మామూలు పీవీసీ టేపు చవక, అందరికీ చేతనైన పని; కానీ బానెట్ కింద మన ఏప్రిల్ ఎండకు దాని జిగురు కరిగి పాకం అవుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటే ఇక వదలదు. నిలువునా చీలిక ఉన్న ముడతల ప్లాస్టిక్ గొట్టం వేగంగా అయిపోతుంది, విప్పడమూ సులువే, అయితే పాత బండిలో అది బట్టల షోరూములోని ఏసీ పైపులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అల్లిన నైలాన్ తొడుగు అందంగా ఉంటుంది, కొసలు హీట్ ష్రింక్‌తో, అంటే వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టంతో, మూయకపోతే పోగులు పోగులుగా విచ్చిపోతుంది, పైగా మధ్యలో ఒక వైరు కలపాలంటే మొత్తం ఊడదీయాలి. కొత్త కార్లలో కంపెనీలు వాడే గుడ్డ టేపు మెత్తగా ఉండి చప్పుడు రానివ్వదు, జిగురు కారదు. నేను ఎంచుకున్నది వీటిలో ఏదీ కాదు. మైనం పూసిన దారంతో రెండేసి వేళ్ల ఎడంలో ముడి వేస్తూ కట్టను బిగించడం పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లోనూ విమానాల్లోనూ ఉన్న పద్ధతి. మా ఇంట్లో పూలు కట్టే చేతులు ఆ ముడిని ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నాయి. నా ముడులు వదులైపోతుంటే నవ్వి లాక్కున్నాయి కూడా. వైరు ఎక్కడ పుండు పడినా పైకి కనిపిస్తుంది, విప్పాలంటే ఒక్క దారం కోస్తే చాలు. నేల దగ్గరగా, నీళ్లు చిమ్మే చోట మాత్రం గుడ్డ టేపే మేలు. అపార్ట్‌మెంటు సెల్లార్లో బండి పెట్టేవారికి ఎలుకల బెడద ఉంటుంది కాబట్టి, ఏ తొడుగైనా లోపల గూడు కట్టే ఖాళీ లేకుండా బిగుతుగా ఉండాలని మరిచిపోకూడదు.

అతుకుల విషయంలో నాకు సందేహమే లేదు. సోల్డరింగ్ పెట్టిన చోట వైరు గట్టిపడి, ఆ గట్టి భాగం ఆగిన చోటనే ఇంజన్ అదురుకు విరుగుతుంది. సరైన పట్టుకారుతో నొక్కిన లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క), దానిపై జిగురున్న హీట్ ష్రింక్ ఎక్కువ కాలం మన్నుతాయి. కటింగ్ ప్లయర్‌తో నొక్కి "అయిపోయింది సార్" అనే చోట పని చేయించకండి. వైర్లు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) ట్రూప్ బజార్‌లోనూ కోఠీ గుజరాతీ గల్లీలోనూ, ఇంజన్ సామాను పుత్లీబౌలిలోనూ వెతుక్కోవచ్చు. వైరు కొనేటప్పుడు ఒక కొస ఒలిచి, లోపలిది నిజంగా రాగేనా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని బ్లేడుతో గీకి చూడాలి.

బ్యాటరీ బానెట్ కింద ఉన్న బళ్లలో దాన్ని అక్కడి నుంచి తీసేయడం చాలామందికి మోజు. దానివల్ల చోటు కలిసి రావడమే కాక, ఇంజన్ వేడి తగలని బ్యాటరీ మన వేసవిలో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఖర్చు మాత్రం కేబుల్‌లో పడుతుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ నాలుగు మీటర్లు లాగితే, సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు తీసుకునేటప్పుడు దారిలోనే సుమారు 0.44 వోల్టు పోతుంది. పన్నెండు వోల్టుల్లో అది భరించగలిగిన నష్టమే. ఆరు వోల్టుల్లో కరెంటు రెట్టింపవుతుంది, నష్టమూ రెట్టింపవుతుంది, ఉన్నదే ఆరు కనుక సెల్ఫ్ మూలుగుతుంది. కాబట్టి ఆరు వోల్టులే ఉంచుకునేవారు బ్యాటరీని దూరం జరపకూడదు. సీటు వెనక పెట్టేవారు మూత ఉన్న పెట్టె, అందులోంచి బయటికి గాలి గొట్టం తప్పక పెట్టాలి, ఛార్జింగ్‌లో మామూలు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కనుక. ఇక ఫ్యూజు సంగతి నా తల మీదికే వచ్చింది. మొదటిసారి ఈ పని చేసిన షెడ్డువాళ్లు కేబుల్‌ను నేల రేకులోని రంధ్రం గుండా గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు ఉంగరం) లేకుండా దూర్చి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టకుండా వదిలేశారు. మూడు నెలలు ఏమీ కాలేదు. ఒక సాయంత్రం మెహదీపట్నం దాటుతుండగా సీటు కింద నుంచి కాలిన రబ్బరు వాసన, తరువాత పొగ. బ్యాటరీ కొసను విప్పే పానా చేతికి అందేలోగా కేబుల్ తొడుగు మూరెడు మేర ఉడికిపోయింది. రేకు అంచు రోజూ కొంచెం కొంచెం కోస్తూ పోయిందన్నమాట. అప్పటి నుంచి బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉంటుంది, రేకు దాటే ప్రతిచోటా గ్రోమెట్ ఉంటుంది, తాళంచెవితో తిరిగే కటాఫ్ స్విచ్ కూడా ఉంటుంది.

ఫైర్‌వాల్‌లో డెబ్బై ఏళ్లుగా పొడిచిన రంధ్రాలను ఏం చేయాలి? వెల్డింగ్ చేసి, అరగదీసి, పుట్టీ పెట్టి నున్నగా చేయడం అన్నిటికంటే అందమైన పని. కానీ పలుచటి సమతల రేకు వేడికి ఉబ్బుతుంది. చుక్కలు చుక్కలుగా పెడుతూ ఒక్కొక్కటి చల్లారేదాకా ఆగే ఓపిక ఉన్న టింకరింగ్ మనిషి దొరికితేనే ఆ మాట ఎత్తాలి. తరువాత వైపర్ మోటారుకో హీటరుకో రంధ్రం కావాలంటే మళ్లీ పొడవాలి. రెండో పద్ధతి, ఫైర్‌వాల్ ఆకారంలో 18 గేజి రేకు కోయించి, అంచుకు సీలంటు పెట్టి, లోపలి నుంచి బోల్టులతో బిగించడం. పాత రంధ్రాలు వెనక భద్రంగా ఉంటాయి, ముందు నున్నగా ఉంటుంది, రేపు ఎవరైనా బండిని యథాస్థితికి తేవాలన్నా తేవచ్చు. మెరుపు కోసం అల్యూమినియం రేకు వేస్తే, స్టీలుతో తగిలే చోట వాన తేమకు అల్యూమినియాన్ని తెల్లటి తుప్పు తింటుంది, మధ్యలో రబ్బరు పట్టీ వేయాలి. నేను స్టీలు రేకే వేయించాను. మూడో పద్ధతి అన్నిటికంటే బీదది, తప్పేమీ లేనిది: వాడని రంధ్రాలకు రబ్బరు బిరడాలు కొట్టడం.

రంగు విషయంలో పోటీ పౌడర్ కోటింగ్‌కూ, రెండు భాగాలు కలిపే పీయూ (పాలీయురెథేన్) పెయింటుకూ మధ్యనే ఉంది. పౌడర్ కోటింగ్‌లో రంగు పొడిని చల్లి 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు కనుక, పూర్తిగా విప్పిన లోహపు ముక్కలకే పనికివస్తుంది. బ్రాకెట్లు, బ్యాటరీ పెట్టె, ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) వంటివాటిని బాలానగర్, జీడిమెట్ల వైపు పంపి చేయించుకోవచ్చు. పెట్రోలు చుక్కలకూ రాపిడికీ అది బాగా ఆగుతుంది, కానీ ఒకసారి పెచ్చు లేస్తే దాని కింద తుప్పు పాకుతుంది, పై పూత వేసి సరిచేయడం కుదరదు. ఎర్త్ వైరు బిగించే చోట గీకి లోహం తేల్చాలన్న సంగతి మరిచిపోయి, లైట్లు వెలగక రోజంతా వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఫైర్‌వాల్, లోపలి ఫెండర్లకు పీయూ పెయింటే సరైనది. దాని గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి కాబట్టి, కొట్టే మనిషి ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు ఉండాలి. మ్యానిఫోల్డుకు ఈ రెండూ నిలవవు, 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ పెయింటు కావాలి. నిగనిగలాడే నలుపు మీద మన ఊరి దుమ్ము ఒక్క పూటలో బయటపడుతుంది, మెరుపు తగ్గించిన బూడిద రంగు మీద వారం దాకా తెలియదు, నూనె కారితే వెంటనే తెలుస్తుంది.

గొట్టాల దగ్గరికి వస్తే, స్టీలు జాలీ తొడిగిన హోస్‌ల మీద మోజు పడకండని చెప్పాలి. జాలీ లోపల రబ్బరు పగిలినా పైకి కనిపించదు, ఆ జాలీ పక్కనున్న వైరునో రంగునో ఆకురాయిలా అరగదీస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రకం రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. పైన ఆర్9 అని అచ్చు ఉన్న నల్లటి హోస్, రబ్బరును కోయని గుండ్రటి క్లాంపు, ఈ రెండూ ఉంటే చూపుకూ భద్రతకూ చాలు. బ్రేకు గొట్టాలకు రాగి-నికెల్ మిశ్రమం చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు, జానెడున్నరకు ఒక రబ్బరు క్లిప్పు పెడితే గీత గీసినట్టు ఉంటుంది. స్టీలు గట్టిది, చవకైనది, వంచడానికి పనిముట్టు కావాలి. ఫ్రిజ్ పనికి వాడే మెత్తటి రాగి గొట్టాన్ని బ్రేకులకు వాడతామంటే ఒప్పుకోవద్దు, అదురుకు అది గట్టిపడి చీలుతుంది. కార్బురేటర్ ఎగ్జాస్ట్ పక్కనే కూర్చునే ఈ ఇంజన్‌లో పెట్రోలు గొట్టాన్ని వీలైనంత దూరంగా తిప్పి తేవాలి, లేకపోతే మే నెలలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరై బండి సిగ్నల్ దగ్గర మొండికేస్తుంది.

చల్లదనం కోసం పాత బెల్టు ఫ్యాన్‌కు ష్రౌడ్ చేయించడమా, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టడమా? మొదటిదానికి వైరు లేదు, రిలే లేదు, చెడిపోయేదీ లేదు, ఇంజన్ ముందు భాగాన్ని ఒక మంచి ష్రౌడ్ చక్కగా కప్పుతుంది కూడా. రెండోది సిగ్నళ్ల దగ్గర నిలిచినప్పుడు ఎక్కువ గాలి లాగుతుంది. రోజూ పంజాగుట్ట మీదుగా పోయేవారు ఎలక్ట్రిక్‌కు పోవచ్చు, మిగిలినవారికి ష్రౌడ్ చాలు. రేడియేటర్‌కూ ముందు పలకకూ మధ్య సందులు మూసే రేకు మాత్రం అందరూ వేయించాలి, గాలి పక్కదారి పట్టకుండా ఉంటుంది, చూడటానికీ నీటుగా ఉంటుంది. బోరు నీళ్లు పోయకండి. మన నీళ్ల సున్నం గొట్టాల్లో పొరలు కడుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోయండి.

క్రోము మూతలు, రంగు రంగుల స్పార్క్ ప్లగ్ వైర్లు, ఇంజన్ మీద ప్లాస్టిక్ కప్పులు వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఆ డబ్బుతో బోల్టులన్నీ ఒకే రకం తలలున్నవి తెచ్చి, ఒకే పొడవు పైకి తేలేలా బిగిస్తే తేడా మీకే తెలుస్తుంది.

డబ్బు ఒకేసారి లేనివారు ఆల్టర్నేటర్‌తో కలిపి వైరింగ్ ముందు చేయించుకోవాలి, రంగు ఆఖరున. తలకిందులుగా చేస్తే కొత్త రంగు మీద పానాలు జారతాయి. కొన్నాళ్లు తిరిగి అమ్మేయాలన్న ఉద్దేశం ఉన్నవారు వెల్డింగ్ జోలికి పోకుండా బోల్టు పద్ధతులతోనే ఆగడం మంచిది, కొనేవాళ్లు పాత రంధ్రాలను వెతుకుతారు.

అన్నీ అయ్యాక దసరాకు ముందు వాటర్ సర్వీసింగ్‌కు తీసుకువెళితే అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తి ప్రెషర్ నీళ్లు కొట్టి, పైన డీజిల్ చిలకరించి మెరిపిస్తానంటాడు. డిస్ట్రిబ్యూటర్‌లోకి నీళ్లు పోతాయి, డీజిల్ రబ్బరును ఉబ్బిస్తుంది, అంటుకున్న దుమ్ము బురదవుతుంది. బానెట్ మూసే ఉంచి కడగమని చెప్పండి. ఇంజన్ దగ్గర తడి గుడ్డ, పాత పళ్ల బ్రష్షు, అరగంట ఓపిక సరిపోతాయి. ఆయుధ పూజ నాడు కుంకుమ బొట్టు మాత్రం నేను వాల్వ్ కవర్ మీద పెట్టనివ్వను, వేడికి మరక పడుతుంది. కొత్తగా వేయించిన ఫైర్‌వాల్ రేకు మీద, కుడి పక్కన, దానికంటూ ఒక చోటు వదిలాను.